పాయ దాటిన ఆదివారం

"బోటు పట్టుకుని వచ్చేస్తామండి, మీరిద్దరూ ఇక్కడే ఉండండి, ఎట్టి పరిస్థితుల్లోనూ కదలకండి" అన్న మాస్టారి మాట ఇంకా చెవిలోనే ఉంది. మనిషి మాత్రం పాయకి అవతల ఒడ్డెక్కి, సరుగుడు చెట్ల మధ్య తెల్లటోపీగా కాసేపు కనబడి, ఆ తర్వాత కనబడకుండా పోయారు. ఆయన వెనకాలే బ్యాంకు గంగాధర్ గారు, పంట్లాం మోకాళ్ళ పైకి మడుచుకుని, పరుగులాంటి నడకతో వెళ్ళిపోయారు. ఆదివారం నడక సంఘంలో మిగతా వాళ్ళు అంతకుముందే బస్సు ఆగే రోడ్డు వైపు సాగిపోయారు. ఇప్పుడు సముద్రంలో కలిసే ఈ పాయ నడుమ, ఇసుక మేట మీద, ఇద్దరే ఉన్నారు: కాలు మడతపడి కూర్చున్న భవానీదేవి, ఆవిడ పక్కన నిలబడ్డ వీరాయమ్మ. మేట పెద్దదేం కాదు, ధాన్యం నూర్చుకునే కళ్ళం అంత. పొద్దున్న ఇదే పాయని అందరూ చీరలు పిక్కల దాకా ఎత్తిపట్టుకుని నవ్వుకుంటూ దాటారు, నీళ్ళు చీలమండలు దాటలేదు, మధ్యలో ఆగి ఫోటో కూడా తీయించుకున్నారు. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి సముద్రం పోటెత్తడం మొదలయింది. మేటకి ఇవతలి చీలిక మోకాళ్ళ దాకా వచ్చింది, ఇంకా దాటాల్సిన అవతలి చీలిక తొడల దాకా. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గబగబా మేట దాటుతుంటే భవానీదేవి కాలు పీత బొరియలో దిగబడి పక్కకి తిరిగిపోయింది. ఆవిడ అరవలేదు. "అబ్బ" అని కూర్చుండిపోయింది, అంతే. తొడల లోతు నీళ్ళలో అంత మనిషిని మోసుకెళ్ళే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఎవరైనా ఒకరు తోడుండాలండి, అన్నారు మాస్టారు అందరినీ చూస్తూ. అందరూ ఇసుకని చూశారు. అప్పుడు "నేనుంటానండి" అని వినబడింది, ఆ గొంతు తనదేనని వీరాయమ్మకి ఒక్క క్షణం ఆలస్యంగా తెలిసింది. తను అనుకోకముందే నోరు అనేసింది. నోటికి అది అలవాటు, కువైట్‌లో ఇంటిపనిలో అబ్బిన అలవాటు, గిన్నెలెవరు తోముతారు, ముసలమ్మ దగ్గర రాత్రంతా ఎవరు కూర్చుంటారు, ఎవరు అనే ప్రశ్న ఆ ఇంట్లో ఏ భాషలో వినబడినా జవాబు తనే. వచ్చేసి మూడో ఏడు నడుస్తోంది. ఇక్కడ, అల్లవరం సముద్రం ఒడ్డున, ఇంతమంది చదువుకున్న వాళ్ళ మధ్య, తనూ వాళ్ళలో ఒకతిననుకుని నడుస్తున్న చోట కూడా నోరు అదే అనేసింది. అదికూడా కాదు బాధ. తను అలా అనగానే అందరి ముఖాల్లో కనబడిన తేలిక. ఔను, ఈవిడైతే సరిపోతుంది అన్నట్టు. భవానీదేవి కూడా తల తిప్పి చూడలేదు, ఎవరు ఉంటారో ఆవిడకి ముందే తెలిసినట్టు చీలమండ నిమురుకుంటూ కూర్చుంది.

నీళ్ళు చప్పుడు చెయ్యకుండా వస్తున్నాయి. సముద్రం మీద అలలు మోతగానే ఉన్నాయి కాని ఈ పాయలోకి వచ్చే నీళ్ళకి చప్పుడే లేదు, ఇసుక రంగు మారడం ఒక్కటే గుర్తు, పొడి ఇసుక గోధుమరంగుకి తిరుగుతుంది, ఆ మీదట మెరుస్తుంది, ఆ మెరుపు వెనక్కి పోదు. వీరాయమ్మ భవానీదేవి చేతికర్ర అడిగి తీసుకుని నీటి అంచున గుచ్చింది. ఇద్దరూ కర్రనే చూస్తున్నారు.

"సెల్లు పనిచేస్తోందేమో చూడండమ్మగారూ."

"చూసేను. గీతలు లేవు." సెల్లు ఇంకోసారి గాలిలోకెత్తి చూసి, "ఇంటి దగ్గరైతే మంచం మీద పడుకున్నా మోగుతుంది" అందావిడ, సెల్లుని చీర చెంగుతో తుడుస్తూ.

అమ్మగారూ అనకూడదని మాస్టారి ఆజ్ఞ. ఇక్కడ అందరూ గార్లే, సంఘంలో అమ్మగార్లూ అయ్యగార్లూ లేరు అంటారాయన. అయినా నోరు తిరగదు. భవానీదేవిది ఇంకో రకం ఇబ్బంది. వీరాయమ్మగారూ అనడానికి ఆవిడకి మనసొప్పదు, వీరాయమ్మా అంటే మాస్టారు ఊరుకోరు, అందుకని ఆవిడ ఏ పిలుపూ లేకుండా మాట్లాడటం నేర్చుకుంది, నీళ్ళు ఉన్నాయా, బస్సు ఎన్నింటికో, ఎండగా ఉంది, ఇలా ఎవరితో అంటోందో గాలికే తెలియాలన్నట్టు. కొత్తపేట దగ్గర బోలెడంత తోట, వరిచేలు, అమలాపురంలో మేడ, షుగరు ఉంది కాబట్టి నడవమన్నాడు డాక్టరు. అంత నడవాల్సిన అవసరం ఆ ఒంటికి అంతకుముందు ఎప్పుడూ రాలేదు. మొదట్లో ఒకసారి గోదావరి గట్టు మీద మామిడిచెట్టు కింద అందరూ డబ్బాలు తెరుచుకున్నప్పుడు వీరాయమ్మ పులిహోర పెట్టబోయింది. "ఉపవాసమండి" అంది భవానీదేవి, ఆ ఒక్కసారే 'అండి' అంది, కాసేపటికి ఇంకొకరి డబ్బాలోంచి దద్ధోజనం తింది. వీరాయమ్మ చూడనట్టే ఊరుకుంది. ఊరుకోవడం కూడా నేర్చుకునే వచ్చింది. అయినా పులిహోర ఆ రోజు తనకీ సహించలేదు, ఆవాలు నోట్లో రాళ్ళలా తగిలాయి.

ఎందుకొచ్చినట్టు అసలు ఈ నడకలకి. అమలాపురంలో తన టిఫిన్ బండి దగ్గరికి రోజూ తెల్లారగట్ల మాస్టారు వచ్చేవారు, హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు, మెడలో ఇప్పటికీ విజిల్ వేలాడుతూ ఉంటుంది. ఇడ్లీ తింటూ వచ్చే ఆదివారం ఎక్కడికి నడుస్తున్నారో పక్కవాళ్ళకి చెప్పేవారు, జొన్నాడ దగ్గర గట్టెక్కి అక్కణ్ణుంచి దిగువకి, ఇంకోవారం కాలవగట్టు మీద రాజోలు వైపు, పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి వచ్చేయడం. పనేమీ లేకుండా నడుస్తారాండి, అని అడిగింది ఒకరోజు ఉండబట్టలేక. పనేమీ లేకుండానేనండి, అన్నారాయన. ఆడవాళ్ళు కూడానాండి? కాళ్ళున్నవాళ్ళు ఎవరైనానండి. ఆ రాత్రి మొగుడు సింహాద్రికి చెబితే, పగలంతా కొబ్బరికాయలు ఒలిచి వచ్చిన మనిషి, కంచం ముందు కూర్చుని చాలాసేపు నవ్వాడు. "నడవడానికి బస్సెక్కి వెళ్ళడవేంటే" అన్నాడు. తర్వాత నవ్వాపి, తన ముఖం చూసి, "సరే, వెళ్ళు. చెప్పులు మంచివి కొనుక్కో" అన్నాడు. ఆ మాటకి ఎందుకో ఏడుపొచ్చింది. మొదటి ఆదివారం గట్టు మీద ఒక పక్క గోదావరి, ఇంకో పక్క అరటితోటలు, ముందు గట్టు తప్ప ఏమీ లేదు, గోడ లేదు, తలుపు లేదు, ఎవరూ ఎక్కడికి అని అడగటం లేదు, కాళ్ళు వాటంతటవే పోతున్నాయి, ఆ రోజు ఇంటికొచ్చాక పిక్కలు పట్టేసి మెట్టెక్కలేకపోయింది, ఆ నొప్పిని కూడా ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. సంఘానికి ఒకటే రూలు, విజిల్ మాట వినాలి, వినని వాళ్ళు మళ్ళీ వారం నుంచి రాకూడదు. అంత చిన్న రూలు. దాని కోసం ఎంత జాగ్రత్తగా ఉంది, విజిల్ వినగానే ఆగేది, వినగానే కదిలేది, అందరికంటే ముందు.

కర్ర చుట్టూ నీళ్ళు తిరిగాయి. ఇప్పుడు కర్ర నీళ్ళలో ఉంది.

"అదేంటి, అంత తొందరగానా" అంది భవానీదేవి.

వీరాయమ్మ వెళ్ళి కర్ర పీకి వెనక్కి తెచ్చి మళ్ళీ గుచ్చింది, భవానీదేవిని చంకల కింద పట్టుకుని మేట నడుమకి జరిపింది. బరువైన మనిషి. ఆవిడ జబ్బ కింద చెమట చల్లగా తగిలింది. ఇంత గాలిలో చెమటేమిటి. మాస్టారు వెళ్ళిన వైపు చూస్తే సరుగుడు చెట్లు ఒకే తీరున ఊగుతున్నాయి, వాటి మధ్య మనిషి జాడ లేదు. పల్లెపాలెం దగ్గరే అన్నారు. దగ్గరంటే ఎంత. పడవలన్నీ వేటకి వెళ్ళి ఉంటే. బోటు దొరికి డీజిలు లేకపోతే. ఆదివారం కదా, పడవవాళ్ళు ఇంటి దగ్గర ఉంటారో ఉండరో. సునామీ వచ్చి ఏడాది దాటింది, అప్పట్నుంచీ ఈ ఒడ్డున ఎవరు సముద్రాన్ని చూసినా ముందు నీటి గీత ఎక్కడుందో చూస్తారు, పొద్దున్న బస్సు దిగగానే తనూ అదే చూసింది, ఎవరికీ చెప్పలేదు. పక్కన మనిషికి చెబితే నవ్వుతారేమోనని. ఇప్పుడు చూడటానికి గీతే లేదు. మేటకి అవతల నీళ్ళూ ఇవతల నీళ్ళూ ఒకే రంగు, ఒకే ఎత్తు, నడుమ తామిద్దరి కింద ఉన్న ఇసుక మాత్రం ఇంకా వేరుగా ఉంది.

"నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అంది భవానీదేవి. గొంతు మందంగా ఉంది. వేళ్ళు వణుకుతున్నాయి. "పొద్దున్న మాత్ర వేసుకున్నాను. అన్నం సరిగ్గా తినలేదు, నడవలేనేమోనని."

ఆవిడ సంచిలో నీళ్ళ సీసా, మందులు, ఎండకి తలమీద వేసుకునే తువ్వాలు ఉన్నాయి, తినడానికేమీ లేదు. వీరాయమ్మ తన సంచి విప్పింది. డబ్బాలో అడుగున కాస్త పులిహోర, పక్కన చిన్న పొట్లంలో తాటిబెల్లం ముక్క. షుగరు పడిపోయినట్టుందని బెల్లం ముక్క ఆవిడ నోట్లో పెట్టింది, తర్వాత పులిహోర చేత్తో తీసి అందించింది, ఆవిడ వేళ్ళు పట్టు నిలవక గింజలు ఇసుకలో రాలాయి, అప్పుడు వీరాయమ్మే తినిపించింది, ముద్ద తర్వాత ముద్ద, చంటిపిల్లకి పెట్టినట్టు. నీళ్ళు తాగాక భవానీదేవి కళ్ళు మూసుకుని కాసేపుండి, తెరిచి, డబ్బా వైపు చూస్తూ అంది:

"ఆ రోజు నాకు ఉపవాసం లేదు."

"తెలుసండి."

"తెలిసీ ఏమీ అనలేదు."

వీరాయమ్మ డబ్బా మూత బిగించింది. అనడానికి ఇది చోటా. కాని మనసు ఎక్కడో కాస్త కదిలింది, కోపం తగ్గిందో పెరిగిందో చెప్పలేనట్టుగా. ఇలా నీళ్ళ మధ్య ఇరుక్కుంటే తప్ప ఆ మాట రాలేదు. వచ్చింది గదా. వచ్చిందని తను పొంగిపోవాలా. ఆవిడ వణుకు తగ్గింది, అది చాలు ఇప్పటికి.

నీళ్ళు వస్తూనే ఉన్నాయి. అక్కడ నీళ్ళు పోయాయి, ఇక్కడ వస్తున్నాయి. కువైట్‌లో ఆ ఎండాకాలం ఇంట్లో వాళ్ళంతా వేరే దేశం వెళుతూ, నువ్వు ఎక్కడికీ కదలకు, కిటికీ దగ్గర కూడా కనబడకు, తొందరగా వచ్చేస్తాం, అన్నారు. ముందు తలుపుకి బయటనుంచి తాళం పడిన చప్పుడు. మొదట బాగానే ఉంది, తిండి ఉంది, చల్లగా ఉంది. తర్వాత మిద్దె మీద తొట్టిలో నీళ్ళయిపోయాయి. కొళాయి తిప్పి కింద గిన్నె పెట్టి, వస్తే చప్పుడు వినబడుతుందని స్నానాలగది గుమ్మంలోనే పడుకుంది. ఫ్రిజ్జులో మంచు గీరి తాగింది. కిటికీ తెర సందులోంచి చూస్తే ఎదురింటి డ్రైవరు కారు కడుగుతున్నాడు, గొట్టంలోంచి నీళ్ళు రోడ్డు మీద పారి మురుక్కాలవలోకి పోతున్నాయి, నోరు తెరిచింది, కేకవెయ్యలేదు, కనబడకు అన్నారు కదా. ఎన్నాళ్ళకి వచ్చారో. రాగానే మేడమ్ పూలకుండీలు చూసి, మొక్కలెండబెట్టావేమని తిట్టింది. అదికూడా మరిచిపోవచ్చు. మరిచిపోలేనిది ఇంకొకటి, సామాన్లు మోసుకుంటూ వాళ్ళ డ్రైవరు వంటింటి వెనక తలుపు మోచేత్తో తోసుకుని లోపలికి వచ్చాడు. తోశాడు, అంతే. దానికి తాళం లేదు. అన్నాళ్ళూ దానికి తాళం లేదు. తను ఒక్కసారి కూడా తోసి చూడలేదు. కదలకన్నారు కాబట్టి తలుపులన్నీ వేసే ఉంటాయనుకుంది.

వీరాయమ్మ లేచి నిలబడింది. సూర్యుడు సరుగుడు చెట్ల వైపు ఒరుగుతున్నాడు. కర్ర మళ్ళీ నీళ్ళలో ఉంది.

"వెళ్ళిపోదామండి" అంది.

"ఎక్కడికి?"

"ఒడ్డుకి. ఇంకా లోతు పెరిగితే దాటలేం."

"మాస్టారు కదలొద్దన్నారు కదా."

"ఆయనకి తెలీదండి నీళ్ళు ఇంత వస్తాయని."

"వస్తారు. ఆయన మాట తప్పే మనిషి కాదు. ఇంకాసేపు చూద్దాం." భవానీదేవి ఇసుకని రెండు చేతులా పట్టుకుని ఉంది, అది ఎవరైనా లాక్కుంటారన్నట్టు. "నాకు ఈత రాదు."

"నాకూ రాదండి."

ఆ మాట పైకి అన్నాకే ఇద్దరికీ దాని బరువు తెలిసింది. వీరాయమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, ఎంత లోతుందో చూసొస్తానని చెప్పి, నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళు, తొడలు, నడుము, కిందినుంచి ఇసుక వేళ్ళ సందుల్లోంచి జారుతోంది, నీరు సముద్రం వైపుకి కాదు, లోపలి వైపుకి తోస్తోంది, అది మేలు, కాళ్ళు నిలిస్తే తోసినా ఒడ్డువైపే పోతాం. పాయ సగందాకా వచ్చాక ఒళ్ళు తేలికయింది. ఇంకో సగం. ఒక్కతే అయితే దాటేస్తుంది. ఆ ఆలోచన ఎంత చల్లగా, ఎంత మామూలుగా వచ్చిందంటే తనకే భయం వేసింది. రేపు తెల్లారకుండా పిండి రుబ్బాలి, సింహాద్రి నడుం నొప్పికి నూనె కాచాలి, తనకీ ఒక ఇల్లుంది, ఎవరికోసం, ఉపవాసం లేకపోయినా ఉందని చెప్పిన మనిషి కోసమా. వెనక్కి తిరిగి చూసింది. భవానీదేవి పిలవడం లేదు. చెయ్యి ఎత్తి, వెళ్ళు వెళ్ళు అన్నట్టు ఊపుతోంది. నిజంగానే ఊపుతోంది. బతిమాలి ఉంటే ఏం చేసేదో తెలియదు. వీరాయమ్మ వెనక్కి నడిచింది.

"వెళ్ళమంటే తిరిగొచ్చేవేంటి" అంది భవానీదేవి. ఏడుస్తోంది. "నన్ను లాక్కెళ్ళలేవు నువ్వు. నాతోపాటు నువ్వూ పోతావు."

నువ్వు అంది. మొదటిసారి ఒక పిలుపు ఉంది ఆ మాటలో.

"లెగండి" అంది వీరాయమ్మ. "బాగున్న కాలు మీద నిలబడండి చాలు. నీళ్ళలో బరువుండదు. కిందకి చూడకండి, ఆ చెట్టు మొదలు చూడండి."

ఎండకి కప్పుకునే తువ్వాలు తీసి ఇద్దరి మణికట్లూ కలిపి కట్టింది, ముడి సరిగ్గా పడలేదు, పళ్ళతో బిగించింది. ఆవిడ నడక బూట్లు బరువని విప్పించి అక్కడే వదిలేసింది. భవానీదేవి చెయ్యి తన మెడ చుట్టూ, ఇంకో చేతిలో కర్ర. దిగారు. మొదట బాగానే ఉంది, ఒక అడుగు, ఆగడం, ఒక అడుగు, ఆగడం, చీర నీళ్ళు పీల్చుకుని కాళ్ళని చుట్టేస్తోంది, నడుము దాకా వచ్చేసరికి పక్కనుంచి తోపు మొదలయింది, కర్ర ఇసుకలో దిగడం లేదు, భవానీదేవి ఏదో దేవుడి పేరు అంటోంది, ఏ దేవుడో వినబడలేదు, చెవిలో ఆవిడ ఊపిరి వేడిగా, నీళ్ళు రొమ్ముదాకా చల్లగా, ఇంకో అడుగు వేస్తే కింద ఏమీ లేదు. ఇసుక లేదు. వీరాయమ్మ మునిగింది, నోట్లో ఉప్పు, కళ్ళలో బురద, మణికట్టు తెగిపోయేలా లాగుతోంది, లాగుతున్నది ఆవిడా నీళ్ళా, పైకెక్కడ కిందెక్కడ, విడిపించుకోమని చెయ్యి చెబుతోంది, వదిలెయ్యి వదిలెయ్యి అని తన చెయ్యే తనకి చెబుతోంది, ముడి పళ్ళతో బిగించింది కాబట్టి అది ఊడదు, మంచిదయింది, అంతలో కాలికి ఏదో గట్టిది తగిలింది, దాన్ని తన్నింది, తల పైకి వచ్చింది. భవానీదేవి తనని జుట్టు పట్టుకుని పైకి లాగుతోంది. ఒంటికాలి మీద నిలబడి, కర్ర పోగొట్టుకుని, జుట్టు పట్టుకుని లాగుతోంది. "వదలకే, వీరాయమ్మా, వదలకు" అంటోంది, పట్టుకున్నది తానే అయినా. ఇద్దరూ నీటితోపాటు కొట్టుకుపోయారు, కొంచెం దూరం, ఎంతో దూరంలా అనిపించిన కొంచెం దూరం, మోకాళ్ళకి బురద తగిలింది, తర్వాత సరుగుడు వేళ్ళు చేతికి దొరికాయి. పాకుతూ ఎక్కారు. ఎక్కి, పక్కపక్కన బోర్లాపడి, దగ్గుతూ, ఉప్పునీళ్ళు కక్కుకుంటూ ఉండిపోయారు. ముడి తడికి బిగుసుకుపోయి విప్పడం కుదరలేదు.

ఇంజను చప్పుడు అప్పుడు వినబడింది. బోటు పాయ మలుపు తిరిగి నేరుగా మేట దగ్గరికి వెళ్ళింది. వీరాయమ్మ తలెత్తి చూసింది. మేట నడుమ చాపంత ఇసుక ఇంకా మునగకుండా ఉంది. దాని మీద భవానీదేవి బూట్లు రెండూ ఉన్నాయి. మాస్టారు నీళ్ళలోకి దూకి, మేట ఎక్కి, ఒక బూటు చేతిలోకి తీసుకుని, అటు తిరిగారు, ఇటు తిరిగారు, సముద్రం వైపు చూశారు. విజిల్ నోట్లో పెట్టుకున్నారు కాని ఊదలేకపోయారు, రెండుసార్లు గాలి మాత్రమే వచ్చింది. ఆ ముసలాయన అలా బూటు పట్టుకుని తిరగడం చూసి వీరాయమ్మ మోచెయ్యి ఆనించి లేచింది. పిలవాలి. నోరు తెరిచింది. పెద్దగా, ఒళ్ళంతా కేకచేసి, "మాస్టారూ" అని పిలిచింది. ఆ కేకకి సరుగుడు తోటలో కాకులు లేచాయి.

బోటు ఒడ్డుకి వచ్చింది. గంగాధర్ గారు దిగి ముడి కోసేశారు. మాస్టారు ఇద్దరినీ తల నుంచి పాదాల దాకా చూసుకున్నారు, ఎక్కడా ఏదీ తగ్గలేదని నమ్మకం కుదిరాక ఆయనకి కోపం వచ్చింది.

"కదలొద్దన్నానా లేదా అండి? చూడండి, ఇంకా మేట ఉంది. ఇంకాసేపు ఉంటే చీర అంచు తడవకుండా ఎక్కించుకుని వెళ్ళేవాళ్ళం. నేనొచ్చి చూస్తే బూట్లున్నాయి, మనుషుల్లేరు. ఎవరు చెప్పేరు కదలమని?"

మేట ఉందన్న మాట నిజం. వీరాయమ్మ దానికేసి చూస్తూనే ఉంది. తప్పు చేసిందా. అక్కడే ఉండి ఉంటే ఆ చాపంత ఇసుక మీద ఇద్దరూ పొడిగా, క్షేమంగా, చెప్పినట్టు విని. అలా జరిగేదేమో. జరగకపోయేదేమో. అది ఇంక ఎప్పటికీ తెలియదు. ఆయన రూలు ఏమిటో తెలుసు, వచ్చే ఆదివారం గట్టు మీద అందరూ నడుస్తుంటే తను బండి దగ్గర ఇడ్లీ రేకులు కడుక్కుంటూ ఉంటుంది, ఆ వారమే కాదు, ఆ తర్వాత కూడా.

"నేనేనండి" అంది భవానీదేవి, వీరాయమ్మ నోరు తెరవకముందే. తడిసి ముద్దయి, చెట్టుకి ఆనుకుని, ఆవిడ ఇంట్లో పాలేళ్ళతో మాట్లాడే గొంతుతో అంది. "నాకు భయమేసి నేనే పదపదమన్నాను. ఆవిడ వద్దంటూనే ఉంది పాపం. నా మాట కాదనలేక వచ్చింది."

మాస్టారు ఆవిడ వైపు చూసి ఊరుకున్నారు. షుగరు మనిషిని, కాలు వాచిన మనిషిని, పెద్దింటి మనిషిని ఏమంటారు. అంతటితో అయిపోయేది. భవానీదేవి తన వైపు ఓరగా చూసింది, పరవాలేదులే అన్నట్టు. మంచిమనసుతోనే అంది, అందులో అనుమానం లేదు. ఉపవాసం మాటలాగే ఇది కూడా అబద్ధమే, కాని ఈసారి తన కోసం ఆడింది. పుచ్చుకుంటే చాలు. ఆయ్, నిజమేనండి, ఆవిడే రమ్మన్నారండి, అంటే చాలు. ఆదివారాలు మిగులుతాయి. కాని అప్పుడు పాయ దాటింది ఎవరు? కాదనలేక వెంట వచ్చిన మనిషి. కదలమంటే కదిలింది, ఇదివరకు కదలొద్దంటే కదలనట్టే.

"కాదండి మాస్టారూ" అంది వీరాయమ్మ. "ఆవిడ ఉండిపోదామన్నారు. వెళ్ళిపోదామని నేనన్నాను. లేపి తీసుకొచ్చింది కూడా నేనే."

బోటాయన ఇంజను ఆపాడు. మాస్టారు టోపీ తీసి, నీళ్ళు పిండి, మళ్ళీ పెట్టుకున్నారు.

"రూలు తెలుసు కదండీ మీకు."

"తెలుసండి."

"తెలిసే చెబుతున్నారు."

"ఆయ్. తెలిసేనండి."

మాస్టారు ఇప్పుడు తేల్చే సంగతి కాదన్నట్టు చెయ్యి ఊపి, ముందు బోటెక్కండి, పాలెం దగ్గర దింపితే అక్కణ్ణుంచి ఆటోలో ఆస్పత్రికి పోవచ్చు, అన్నారు. గంగాధర్ గారూ బోటాయనా కలిసి భవానీదేవిని ఎత్తి కూర్చోబెట్టారు. ఆవిడ పక్కన చోటు ఉంది, ఆవిడ ఆ చోటు మీద చెయ్యి వేసి వీరాయమ్మ కోసం చూస్తోంది. వీరాయమ్మ ఆ నీళ్ళని చూసింది, మళ్ళీ వాటి మీదకి ఎక్కడానికి ఒళ్ళు ఒప్పుకోలేదు, అదొక్కటే కాదు, కాళ్ళకి నడవాలని ఉంది, ఇంత అయ్యాక కూడా.

"మీరు వెళ్ళండమ్మగారూ, కట్టు కట్టించుకోండి. నేను నడిచి రోడ్డెక్కుతాను."

"ఒక్కదానివేనా?" అంది భవానీదేవి. తర్వాత మాస్టారు ఎదురుగా ఉన్నారని గుర్తొచ్చినట్టు, "ఒక్కరేనా అండి, వీరాయమ్మగారూ?" అంది.

"ఆయ్."

"ఈ తోటలో దారి తెలుసాండి మీకు?" అన్నారు మాస్టారు.

వీరాయమ్మ చీర చెంగు పిండుకుంది. సరుగుడు చెట్ల మధ్య ఎండ పొడుగ్గా పడి ఉంది, దారులు రెండో మూడో కనబడుతున్నాయి, పొద్దున్న ఏ దారిన వచ్చారో గుర్తులేదు, అప్పుడు ముందున్న వాళ్ళ వెనకాల నడిచింది.

"తెలీదండి" అంది. "అడుగుతూ వెళ్తాను."